వెన్స్‌డే స్పెల్లింగ్‌లో డి మర్చిపోకుండా ఉండాలంటే

పిల్లలు వెన్స్‌డే రాసేటప్పుడు మధ్యలో డి వదిలేస్తుంటే పదిసార్లు రాయించకండి, ఆ పదం ఎక్కడిదో చెప్పండి. పాత ఇంగ్లిష్‌లో అది వోడెన్ అనే దేవుడి రోజు. పలకడంలో ఆ డి జారిపోయినా రాతలో ఉండిపోయింది. రోమన్లు అదే రోజును మెర్క్యురీ పేరుతో పిలిచేవాళ్లు, మెర్క్యురీ గ్రహం అంటే మన బుధుడే కాబట్టి మనకది బుధవారం! థర్స్‌డే కూడా ఇంతే, రోమన్లకు జూపిటర్ రోజు, మనకు గురువారం, ఇంగ్లిష్ వాళ్లకేమో ఉరుముల దేవుడు థోర్ రోజు. ఇది ఒక్కసారి కథలా చెప్తే చాలు, స్పెల్లింగ్ టెన్షన్ చాలావరకు పోతుంది.

కప్‌బోర్డ్‌లో పి పలకదు కానీ మొదట్లో అది నిజంగా కప్పులు పెట్టుకునే బల్లే. బ్రేక్‌ఫాస్ట్ అంటే రాత్రంతా ఉన్న ఉపవాసం విడవడం, అందుకే మొదటి సగం బ్రేక్ స్పెల్లింగే. బ్యాండికూట్ అయితే మన పందికొక్కే, తెలుగు నుంచే ఇంగ్లిష్‌లోకి వెళ్లింది, ఇది పిల్లలకు తప్పకుండా చెప్పండి.

మంచి ఇంగ్లిష్ డిక్షనరీల్లో అర్థంతో పాటు పదం పుట్టుక కూడా ఇస్తారు, అర్థం చూశాక ఆ రెండు లైన్లు కూడా చదివించండి.