సెకండ్‌హ్యాండ్ లెన్స్ కొందాం – 3వ పాఠం: టార్చ్ వేస్తేనే కనిపించేవి

పోయిన పాఠంలో మౌంట్ల (లెన్స్ కెమెరాకు తగిలే భాగాల) సంగతి చూశాం. నికాన్ డీ3500 లాంటి కెమెరా బాడీలో ఫోకస్ మోటార్ ఉండదు కాబట్టి, సొంత మోటార్ లేని పాత ఏఎఫ్-డీ రకం లెన్స్ తగిలించినా ఆటోఫోకస్ పని చేయదని చెప్పుకున్నాం. అది సరిచూసుకున్నారు, మీకు సరిపోయే లెన్స్ ఒకటి ఆన్‌లైన్‌లో కనిపించింది. ఇంకా డబ్బు పంపలేదు. ఈ పాఠమంతా ఆ మధ్యలో చేయాల్సిన పని గురించే.

నేను మొదటిసారి కొన్న పాత 50 ఎంఎం లెన్స్‌కి ప్రకటనలో ఆరు ఫోటోలు పెట్టారు. ఒంటి మీద ఒక్క గీత లేదు, రబ్బరు రింగ్ కొత్తదానిలా ఉంది. ఇంటికొచ్చాక రాత్రి లైట్లు ఆపి, వెనక నుంచి టార్చ్ వేసి చూశాను. లోపలి గాజు అంచు నుంచి మధ్యకు సాలెగూడు పోగుల్లా సన్నటి దారాలు పాకి ఉన్నాయి. అది ఫంగస్. రిపేర్ చేసేవాళ్లు విప్పి తుడిస్తే దారాలు పోయాయి కానీ, అవి పాకిన చోటల్లా గాజు మీది పల్చటి పూత (కోటింగ్) మీద జాడలు మిగిలాయి. ఫంగస్ నుంచి వచ్చే ఆమ్లం కోటింగ్‌ను, ముదిరితే గాజునూ తినేస్తుంది. తుడిచినంత మాత్రాన పోయిన కోటింగ్ తిరిగి రాదు. ఆ ఆరు ఫోటోల్లో అబద్ధమేమీ లేదు. నేను అడగాల్సిన ఏడో ఫోటో అడగలేదు, అంతే.

ఆ ఏడో ఫోటో ఎలా తీయించాలో చూద్దాం. వీడియో అయితే ఇంకా మంచిది. గది చీకటిగా ఉండాలి. లెన్స్ రెండు మూతలూ తీసి, వెనక వైపు నుంచి ఫోన్ టార్చ్ కాస్త ఏటవాలుగా వేసి, ముందు వైపు నుంచి చూడాలి. కాంతి తిన్నగా కంట్లో పడితే ఏమీ తెలియదు, అది పక్కకు చెదిరితేనే లోపాలు మెరుస్తాయి. లెన్స్ లోపల కాంతి వచ్చే రంధ్రాన్ని (అపర్చర్‌ను) చిన్నదీ పెద్దదీ చేసే బ్లేడ్లు పూర్తిగా తెరుచుకుని ఉండటం ముఖ్యం. కెనాన్ ఈఎఫ్ లెన్స్ మామూలుగా విడిగా ఉన్నప్పుడు తెరిచే ఉంటుంది. నికాన్ జీ రకం కెమెరా నుంచి తీయగానే మూసుకుపోతుంది. వెనక అంచున ఉన్న చిన్న లీవర్‌ను వేలితో పక్కకు నెట్టి పట్టుకోవాలి. ఇది తెలియక సూది బెజ్జమంత సందులోంచి చూసి "లోపల క్లీన్‌గా ఉంది" అని మనస్ఫూర్తిగా చెప్పేవాళ్లున్నారు.

వీడియోలో అక్కడక్కడా దుమ్ము రేణువులు కనిపిస్తే టెన్షన్ పడకండి. వాడిన ఏ లెన్స్‌లోనైనా అవి ఉంటాయి, ఫోటోలో తెలియవు. దారాలు గానీ కొమ్మల్లా చీలిన మచ్చలు గానీ ఉంటే ఆ లెన్స్ వదిలేయండి. గాజంతా పొగ పట్టినట్టు మసకగా ఉంటే, లోపలి గ్రీజు ఆవిరై గాజు మీద పేరుకుని ఉండవచ్చు. ఎండకు ఎదురుగా తీసిన ఫోటోలన్నీ వెలిసిపోయినట్టు వస్తాయి. అంచుల్లో ఇంద్రధనుస్సు రంగులు మెరుస్తుంటే, జిగురుతో అతికించిన రెండు గాజులు విడిపోతున్నాయేమో అని అనుమానించాలి. దాన్ని బాగు చేయడం చాలా కష్టం. ముందు గాజు మీద సన్నటి గీత ఒకటి ఉన్నా ఫర్వాలేదు. వెనక గాజు మీద ఉంటే మాత్రం నేను కొనను, అది సెన్సర్‌కు దగ్గరగా ఉంటుంది.

టార్చ్‌కు కూడా దొరకని లోపం ఒకటుంది. చాలా లెన్సుల్లో బ్లేడ్లను కదిపే కరెంటు ఒక సన్నటి ఫ్లెక్స్ కేబుల్ గుండా వెళ్తుంది. జూమ్ లెన్సుల్లో అది ఏళ్ల తరబడి మడతపడి మడతపడి తెగుతుంది. అలా తెగినా ఎఫ్2.8 లాంటి, పూర్తిగా తెరిచిన అపర్చర్ దగ్గర ఫోటోలు చక్కగా వస్తాయి, ఎందుకంటే అక్కడ బ్లేడ్లు కదలాల్సిన పనే లేదు. బ్లేడ్లు మూసుకోవాల్సిన ఎఫ్8కి తిప్పి నొక్కగానే కెనాన్ కెమెరా అయితే ఎర్రర్ 01 చూపించి ఆగిపోతుంది. అందుకే ప్రకటనలో పెట్టిన శాంపిల్ ఫోటోలన్నీ వెనక భాగం మసకబారిన పోర్ట్రెయిట్లే అయితే, ఎఫ్11లో తీసినది ఒకటి తప్పకుండా అడగండి.

ఊపితే శబ్దం వస్తే పాడైనట్టేనా? కాదు. ఫ్యూజీ 90 ఎంఎం ఎఫ్2 లాంటివి కెమెరా ఆపగానే లోపల లొడలొడలాడతాయి. దాని మోటార్ తీరే అంత. మీరు కొనబోయే మోడల్‌కు ఏది మామూలో ముందే తెలుసుకోండి.

అమ్మేవాళ్లకు మెసేజ్ ఇలా పెట్టవచ్చు:

"నమస్తే అండీ. లెన్స్ మీద ఆసక్తి ఉంది. ఇవాళ్టి తేదీ, నా పేరు రాసిన కాగితం పక్కన సీరియల్ నంబర్ కనిపించేలా ఒక ఫోటో, చీకట్లో వెనక నుంచి టార్చ్ వేసి ఒక చిన్న వీడియో, ఎఫ్11లో తీసిన ఒక ఒరిజినల్ ఫోటో పంపగలరా?"

కాగితం ఎందుకంటే, వేరేవాళ్ల ఫోటోలు ఎత్తి పెట్టుకున్నవాళ్లు అది పంపలేరు. నిజంగా లెన్స్ దగ్గరున్నవాళ్లకు ఇదంతా పది నిమిషాల పని. "టెస్ట్ చేయడానికి కెమెరా లేదు" అనే మాట నిజం కావచ్చు. అయినా టార్చ్ వీడియోకు కెమెరా అక్కర్లేదు కదా. ఇక, సైట్‌లో కాకుండా బయట డబ్బు పంపితే తగ్గిస్తామంటే ఒప్పుకోకండి. గొడవ వస్తే సైట్ ఇచ్చే రక్షణ ఆ చెల్లింపుకు వర్తించదు.

ఈ రాత్రికి అభ్యాసం: మీ దగ్గరున్న లెన్స్‌నే తీసి టార్చ్ వేసి చూడండి. కోణం మారుస్తూ కనీసం రెండు నిమిషాలు చూడండి, మామూలు దుమ్ము ఎలా ఉంటుందో కంటికి అలవాటు కావాలి. వచ్చే పాఠంలో పార్సిల్ విప్పుతాం. విప్పేటప్పుడు వీడియో ఆపకుండా ఎలా తీయాలి, ఇటుక గోడను ఫోటో తీసి ఒక మూల మాత్రమే మసకబారుతోందేమో ఎలా కనిపెట్టాలి అనేవి అందులో ఉంటాయి.