సంఘం లీడర్ మీద నమ్మకం నిలవాలంటే

కొత్తగా మహిళా సంఘం లీడర్ అయిన అక్కలకు శిక్షణలో పంచసూత్రాలు చెప్తారు: క్రమం తప్పని మీటింగ్, నెలనెలా పొదుపు, సంఘంలోనే అప్పులు ఇచ్చుకోవడం, గడువులో కిస్తీ, సరైన పుస్తకాలు. ఈ ఐదూ నడిచేది లీడర్ నడవడికను బట్టే. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో సంఘాలు ఎక్కువగా చెడేది చిన్న మొత్తాల దగ్గర. బ్యాంకుకు పోవాల్సిన రెండు వేలు వారం రోజులు ఇంట్లో ఉండిపోవడంతోనే అనుమానం మొదలవుతుంది.

మీటింగ్‌లో ఒక్కొక్కరు పైసలు ఇచ్చినప్పుడే, వాళ్ల ముందే ఎంచి, సంఘం పుస్తకంలోనూ ఆమె పాస్‌బుక్‌లోనూ రాయాలి. 12 మంది 200 చొప్పున వేస్తే 2,400. అందరూ ఇచ్చాక మొత్తం గట్టిగా చదివి, చేతిలోని నగదుతో సరిచూడాలి. ఒకామె ఇయ్యకపోతే, ‘రేపు ఇస్తది లే’ అని 2,400 రాయొద్దు. 2,200 జమ రాసి, ఆమె పేరు పక్కన 200 బాకీ చూపాలి. మొహమాటంతో ఒక్కసారి తప్పు రాస్తే వచ్చే నెల దాన్ని కప్పడానికి ఇంకో తప్పు రాయాల్సి వస్తుంది.

నగదు ఆ రోజే, కుదరకపోతే మర్నాడే బ్యాంకులో పడాలి. బ్యాంకు మండల కేంద్రంలో ఉంటుంది, ఆటో దొరకదు, ఈలోగా పిల్లగాడి ఫీజు గడువు వస్తుంది. ‘పత్తి పైసలు రాంగనే పెడ్త’ అనుకుని తీసేవాళ్లలో దొంగబుద్ధి ఉన్నవాళ్లు తక్కువే. అందుకే ‘నేను తీయను’ అన్న గట్టి మనసు ఒక్కటే చాలదు. రెండో లీడర్‌ను తోడు తీసుకుపోండి. జమ రసీదు ఫొటోను అక్కడినుంచే సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టండి.

మిత్తి లెక్క అందరికీ అర్థమయ్యేలా చెప్పాలి. వందకు రూపాయి మిత్తికి 10,000 అప్పిస్తే మొదటి నెల మిత్తి 100. అసల్లో 1,000 కట్టాక మిగిలింది 9,000 కాబట్టి రెండో నెల మిత్తి 90. కట్టినకొద్దీ మిత్తి తగ్గాలి. చదువు రాని సభ్యురాలి దగ్గర ఆఖరిదాకా వందే తీసుకుంటే, అది తెలియక జరిగినా తీసుకున్నది ఆమె కష్టమే. తిరిగి ఇచ్చి, ఎందుకు ఇచ్చారో తీర్మానాల పుస్తకంలో రాయండి.

లీడర్‌కు అసలు పరీక్ష అప్పులు పంచేటప్పుడు. వానకాలం ముందు విత్తనాలకు, మందు సంచులకు అందరూ ఒకేసారి అడుగుతారు. ఎవరికి ఎంత, ఎందుకు అన్నది మీటింగ్‌లోనే తేలాలి. మీ చెల్లెలో ఆడబిడ్డో అడిగితే ఆ ఒక్క అప్పు మీద మాట రెండో లీడర్‌కు వదిలేసి మీరు ఊరుకోండి. మీకే అవసరమైతే అందరిలాగే అడగండి, చాటుగా వద్దు. సభ్యురాలి పేరు మీద అప్పు తీసి తాను వాడుకోవడం మాత్రం ఎంత స్నేహం ఉన్నా చేయకూడదు. కిస్తీ తప్పితే బ్యాంకు అడిగేది ఆమెనే, సంఘాన్నే.

నలుగురిలో చెప్పిన మాటకున్న బలం ఈ ప్రాంతానికి తెలిసిందే. 1951 ఏప్రిల్ 18న, అప్పటి నల్లగొండ జిల్లా పోచంపల్లిలో దళితులు వినోబా భావేను 80 ఎకరాలు అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి అందరి ముందే 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదాన ఉద్యమం అక్కడే మొదలైంది.

ఖాళీ విత్‌డ్రా ఫారాల మీద ముందే సంతకాలు పెట్టి ఎవరి దగ్గరా ఉంచొద్దు. ‘మళ్లా మళ్లా తిరగలేం’ అన్న బద్ధకమే ఇక్కడ కొంప ముంచుతుంది. ఫోన్‌కు వచ్చే ఓటీపీ సంగతీ అంతే.

పాలమూరు వైపు వలస పోయే కుటుంబాల విషయంలో ఇంకొంచెం ఓపిక కావాలి. బొంబాయికో పుణెకో పోయేముందే కూర్చుని, కిస్తీ ఎవరు కడతారు, ఫోన్‌లో పంపితే ఏ ఖాతాకు పంపాలి అన్నది రాసుకోండి. లీడర్ సొంత ఖాతాకు వద్దు, సంఘం ఖాతాకే పంపాలి. ఒకామె కట్టలేని నెల వస్తే ఇంటి ముందు కూర్చుని ఇజ్జత్ తీయకండి. మీటింగ్‌లో మాట్లాడి, సంఘం పొదుపులోంచి సర్ది, అది ఆమె పేరున అప్పుగా రాయండి. బ్యాంకు కిస్తీ 90 రోజులు దాటి ఆగితే ఖాతా మొండిబాకీలోకి పోతుంది, మిగతా పదకొండు మందికీ కొత్త అప్పు దొరకడం కష్టమవుతుంది.

లెక్కలో తక్కువ వస్తే వచ్చే మీటింగ్ దాకా ఆగకుండా ఆ సాయంత్రమే రెండో లీడర్‌కు చెప్పాలి. ఎంత తక్కువ, ఏ తేదీ నుంచి, ఎట్లా పూడుస్తారు అన్న మూడూ అందరి ముందు చదివి సంతకాలు తీసుకోవాలి.

రెండేళ్లకోసారి లీడర్లను మార్చుకోవడం మంచిది. దిగేటప్పుడు పుస్తకాలు, బ్యాంకు పాస్‌బుక్, చెక్కుబుక్కు, అప్పు కాగితాలు, నగదు నిల్వ ఒక్కొక్కటి చదివి అప్పజెప్పండి. కొత్త లీడర్ల సంతకాలు బ్యాంకులో మారేదాకా ఏ చెక్కూ రాయకండి.