ఇంట్లో వాళ్ళకి ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియా అంటే ఏం చేయాలి, మేం నేర్చుకున్నవి

మా నాన్నకి 57 ఏళ్ళ వయసులో మొదలైంది, మేం గుర్తుపట్టేసరికి రెండేళ్ళు. డిమెన్షియా అంటే మతిమరుపే అనుకున్నాం, ఈయనకేమో అఫ్జల్‌గంజ్‌లో ఏ గల్లీ ఎక్కడ తేలుతుందో ఇప్పటికీ తెలుసు. మారింది మనిషి తీరు. పెద్దమ్మ దినాల రోజు అందరూ ఏడుస్తుంటే ఈయన గారెలు ఇంకో రెండు వెయ్యమని కేకేశాడు. అమ్మ "నీకు మనసే లేదయ్యా" అంది.

నిజానికి జరిగేదేంటంటే నుదుటి వెనకుండే మెదడు భాగంలో, కణతల దగ్గర టావ్ అనో టీడీపీ-43 అనో ప్రోటీన్లు పాడై ముద్దలు కట్టి కణాలు చచ్చిపోతుంటాయి, ఎదుటివాళ్ళ బాధ పట్టుకోడం, నోరు, చెయ్యి అదుపులో పెట్టుకోడం ఆ భాగం పనే. పోయిన కణాలు తిరిగి రావు, జబ్బుని ఆపే మందు ఇంకా లేదు. అందుకే మనిషిని సరిచేద్దాం అనుకోకండి, ఇంటిని మార్చుకోండి.

ముందు డాక్టర్ దగ్గర. అక్కడ పది నిమిషాలు బ్రహ్మాండంగా మాట్లాడతారు, మీరు అబద్ధం చెప్తున్నట్టు ఉంటుంది, కాబట్టి ఏ రోజు ఏం చేశారో డేట్లేసి రాసుకుపోండి, వీలైతే వీడియో కూడా. మాకు మొదట డిప్రెషన్ అన్నారు, ఎనిమిది నెలలు ఆ గోళీలే. న్యూరాలజిస్టునే చూడండి. మొదట్లో ఎమ్మారైలో పెద్దగా తెలియకపోవచ్చు, అప్పుడు పెట్ స్కాన్ (మెదడులో ఏ భాగం సరిగా పనిచేయట్లేదో చూపించేది) అడుగుతారు. అల్జీమర్స్‌కిచ్చే డోనెపెజిల్ దీనికి పనిచేయదు, కొందరికి చిరాకు పెంచుతుంది కూడా, రాస్తే ఎందుకని అడగండి, మీ అంతట మీరు మాత్రం ఆపొద్దు.

డబ్బు సంగతి మాత్రం వెంటనే చూడండి. ఫోన్లో ఎవడు లింక్ పంపినా కొట్టేసేవాడు. యూపీఐని పెద్ద అకౌంట్ నుంచి తీసేసి వారానికి ఐదొందలు వేసే చిన్న అకౌంట్‌కి పెట్టాం, స్కాన్ చేసి కట్టే సరదా ఆయనకి మిగిలింది. బండి తాళం కూడా దాచేయండి, రెడ్ లైట్ దగ్గర ఆగాలన్న పట్టింపు ఉండదు.

తీపి పిచ్చి ఇంకోటి. కిలో ఉస్మానియా బిస్కెట్లు ఒక్క పూటలో తినేశాడు. వద్దంటే గొడవ, అందుకే పెద్ద డబ్బా పక్కింట్లో పెట్టి, స్టీల్ డబ్బాలో నాలుగే వేస్తాం. మూత తీస్తాడు, నాలుగూ తింటాడు, డబ్బా బోర్లిస్తాడు, అయిపోయాయి అనుకుని పోతాడు. కంటికి కనిపించకపోతే అడగడు, ఇది కనిపెట్టడానికి ఆర్నెల్లు పట్టింది.

బయట ఎవరినైనా నోటికొచ్చింది అంటే "మా నాన్నకి మెదడు జబ్బు, ఏమనుకోకండి" అని ప్రింట్ చేసిన చీటీ చేతిలో పెడతా, పక్కనే నిలబడి చెప్తే ఆయనకి కోపం.

ఇంక అమ్మ. డాక్టర్ స్కాన్‌లో ముందువైపు నల్లటి సందులు చూపించాకే ఆవిడ తిట్టడం మానేసింది, కాబట్టి చూసుకునే వాళ్ళకి ఆ ఫిల్మ్ చూపించమని అడగండి. రోజూ ఐదింటికి నేను నాన్నని అదే రోడ్డులో అదే ఇరానీ హోటల్ దాకా నడిపిస్తా, ఆ గంట అమ్మది. హోటల్ చాచాకి సంగతి చెప్పి పెట్టా, ఎంత అడిగినా రెండో చాయ్ కప్పు సగమే పోస్తాడు.