వాణిజ్య ఒప్పందం మనమే చదువుదాం – 4వ పాఠం: తగవు వస్తే తీర్పరి ఎవరు?

పోయిన మూడు పాఠాల్లో సరుకు కోడ్ పట్టుకోవడం, సుంకాల పట్టికలో మన సరుకు ఏ వరుసలో ఉందో చూడటం, ఎక్కడ పుట్టిన సరుకుకు రాయితీ దక్కుతుందో తెలుసుకోవడం అయ్యాయి. పోయిన అభ్యాసంలో రొయ్యకు 0306 అని రాసి ఆగిపోయినవాళ్లు ఇంకోసారి చూడండి. ఒలిచి ఉడికించిన రొయ్య 1605లోకి పోతుంది. సుంకం వేరు.

ఈసారి ఒప్పందాన్ని వెనక నుంచి తెరుద్దాం. సుంకాల సంగతి ముందు అధ్యాయాల్లో, విడి పట్టికల్లో ఉంటుంది. మాట తప్పితే ఏం చేస్తారన్నది చివరి అధ్యాయాల్లో ఉంటుంది. పేపర్లు పట్టించుకోనిది దాన్నే.

ముందు క్రియాపదాలు. ఒప్పందం అసలు ప్రతి ఇంగ్లిషులో ఉంటుంది కాబట్టి మూడు మాటలు గుర్తుపెట్టుకోండి. ‘షల్’ అంటే చేసి తీరాలి. ‘మే’ అంటే ఇష్టమైతే చేయొచ్చు. ‘షల్ ఎండెవర్’ అంటే ప్రయత్నిస్తాం అని. మనూళ్లో అప్పు తీసుకున్నవాడు "చూస్తాలే అన్నా" అన్నట్టు. స్విట్జర్లాండ్, నార్వే, ఐస్‌లాండ్, లీచెన్‌స్టైన్‌లతో 2024 మార్చి 10న మనవాళ్లు సంతకం చేసిన ఒప్పందమే చూడండి. 15 ఏళ్లలో 10,000 కోట్ల డాలర్ల పెట్టుబడి వస్తుందని అందరం విన్నాం. తెరిచి చూస్తే అక్కడున్నది ‘షల్ ఎయిమ్ టు’, అంటే లక్ష్యంగా పెట్టుకుంటాం అని. పెట్టుబడి రాకపోతే సంప్రదింపులు జరిపి, మనం ఇచ్చిన రాయితీలను ఆ మేరకు వెనక్కి తీసుకునే దారి ఒకటి ఉంచారు. అది మంచిదే. కానీ డబ్బు తెచ్చి తీరాలన్న షరతు మాత్రం అందులో లేదు.

ఇక తీర్పరి సంగతి. రెండు రకాల తగవులను విడిగా చూడాలి. ప్రభుత్వానికీ ప్రభుత్వానికీ మధ్య తగవు ఒకటి. పరాయి దేశపు కంపెనీ నేరుగా మన ప్రభుత్వాన్ని మధ్యవర్తుల ముందు, అంటే కోర్టు బయట కూర్చుని తీర్పు చెప్పేవాళ్ల ముందు, నిలబెట్టేది రెండోది. ప్రజాస్వామ్యం గురించి అసలు గొడవ ఈ రెండో రకం మీదే.

ప్రకాశం జిల్లాలో పొగాకు వేలం చూసినవాళ్లకు ఈ ఉదాహరణ వెంటనే అర్థమవుతుంది. ఉరుగ్వే సిగరెట్ పెట్టె మీద 80 శాతం మేర హెచ్చరిక బొమ్మలు ఉండాలని నిబంధన పెట్టింది. మన దగ్గర 2016 నుంచి అది 85 శాతం. ఫిలిప్ మోరిస్ కంపెనీ స్విట్జర్లాండ్–ఉరుగ్వే పెట్టుబడి ఒప్పందాన్ని పట్టుకుని 2010లో కేసు వేసింది. 2016 జూలైలో ఉరుగ్వే గెలిచింది. బాగానే ఉంది, కానీ ఆరేళ్లు పట్టింది. ఓ చిన్న దేశపు ఆరోగ్య శాఖ ఆ ఆరేళ్లూ ఇంకో కొత్త నిబంధన పెట్టాలంటే ఎంత టెన్షన్ పడి ఉంటుందో ఊహించుకోండి.

మెక్సికోలో కథ అడ్డం తిరిగింది. గ్వాడల్‌కజార్ అనే చిన్న మునిసిపాలిటీ విష వ్యర్థాల గుంటకు అనుమతి ఇవ్వలేదు. అమెరికా కంపెనీ మెటల్‌క్లాడ్ అప్పటి నాఫ్టా (అమెరికా, కెనడా, మెక్సికోల వాణిజ్య ఒప్పందం) కింద కేసు గెలిచింది. 2000లో 1.6 కోట్ల డాలర్లకు పైగా పరిహారం ఇమ్మని మధ్యవర్తులు తీర్పు చెప్పారు. కాదన్నది ఊరు, కేసు పడింది దేశం మీద.

దీన్ని విడవలూరులో రొయ్యల గుంటలున్న మా చిన్నాయనకు చెబితే ఆయన ఒప్పుకోలేదు.

"నాయనా, ఆ కేసులన్నీ పెద్దోళ్లవి. 2025 ఆగస్టులో అమెరికావోడు 50 శాతం సుంకమని ఒక్క ఆర్డరేశాడు. రొయ్యల కౌంటు రేటు పడిపోయింది. నాకెవురు ఓటేయమన్నారు? ఒప్పందం ఉంటే కనీసం అడగను ఒక చోటుండేది గదా?"

ఆయన మాటలో బలముంది. అమెరికాతో ఒప్పందం ఉన్న కెనడా, మెక్సికోలకూ 2025లో సుంకాలు పడ్డాయి. అయినా ఒప్పందపు పుట్టుక నిబంధనకు సరిపోయిన సరుకుకు మినహాయింపు దక్కింది. మూడో పాఠం ఎందుకు చదివామో అర్థమైందా? ఒప్పందం బలవంతుడికీ ఎంతో కొంత పగ్గం వేస్తుంది. అందుకే నేను ఒప్పందాలే వద్దనేవాళ్ల పక్షం కాదు. తీర్పరిని ఎన్నుకునేటప్పుడు మనల్ని అడగలేదన్నదే నా పేచీ.

మన రాజ్యాంగం ప్రకారం విదేశీ ఒప్పందాల అధికారం కేంద్రానిది. సంతకానికి పార్లమెంటు ఓటు అక్కర్లేదు. వ్యవసాయం, చేపల పెంపకం రాష్ట్ర జాబితాలో ఉన్నాయి; అయినా 253వ అధికరణం కింద ఒప్పందం అమలు కోసం పార్లమెంటు వాటి మీదా చట్టం చేయొచ్చు. అదే బెల్జియంలో, 2016 అక్టోబరులో వలోనియా అనే ఒక్క ప్రాంతం యూరోపియన్ యూనియన్ కెనడాతో చేసుకోబోయే వాణిజ్య ఒప్పందానికి ఒప్పుకోకపోతే యూరప్ అంతా కొన్ని రోజులు ఆగింది. మన అసెంబ్లీకి ఆ తాళంచెవి లేదు.

ఇప్పుడు చేతిపని. పెట్టుబడి ఒప్పందం తెరవగానే ఒక్క అంకె కోసం వెతకండి: కంపెనీ మధ్యవర్తుల దగ్గరికి పోకముందు మన కోర్టుల్లో ఎన్నేళ్లు తిరగాలి? 2011లో వైట్ ఇండస్ట్రీస్ అనే ఆస్ట్రేలియా కంపెనీ, మన కోర్టుల్లో ఆలస్యమే కారణంగా చూపి భారత్ మీద గెలిచింది. ఆ దెబ్బతో కేంద్రం పాత ఒప్పందాలు చాలావాటిని రద్దు చేసి, కొత్త పెట్టుబడి ఒప్పందాల కోసం రాసుకున్న 2016 నమూనాలో ఐదేళ్లు అని పెట్టింది. యూఏఈతో 2024లో చేసుకున్న పెట్టుబడి ఒప్పందంలో అది మూడేళ్లకు దిగింది. ఒక తిరకాసు ఉంది. యూఏఈతో 2022లో చేసుకున్న వాణిజ్య ఒప్పందంలో ఈ అంకె వెతికితే దొరకదు; పెట్టుబడులకు విడిగా ఇంకో కాగితం ఉంది. నేనూ మొదటిసారి తప్పు కాగితంలో ఒక మధ్యాహ్నమంతా వెతికాను.

అభ్యాసం: యూఏఈ పెట్టుబడి ఒప్పందం దించుకుని మూడేళ్ల వాక్యం ఉన్న అధికరణం నంబరు రాసుకోండి. తర్వాత బ్రిటన్‌తో 2025 జూలై 24న సంతకమైన ఒప్పందం తెరిచి, కంపెనీ నేరుగా ప్రభుత్వం మీద కేసు వేసే దారి అందులో ఉందో లేదో చూడండి. పర్యావరణం అధ్యాయంలో ‘షల్’ ఎన్నిసార్లుందో, ‘షల్ ఎండెవర్’ ఎన్నిసార్లుందో లెక్కపెట్టి రెండు అంకెలూ పక్కపక్కన వేసుకోండి. ఐదో పాఠం ఆ రెండు అంకెలతోనే మొదలవుతుంది.