దార్ఫూర్‌లో పిల్లల తిండి లారీ దాటాలంటే: సీనియర్ లైజన్ ఆఫీసర్ పని పద్ధతి

యుద్ధం జరుగుతున్న చోట పిల్లల సాయానికి లైజన్ ఆఫీసర్‌గా ఉండటమంటే అనుమతిని పైనుంచి కిందిదాకా దించడం. రాజధానిలో సంతకమైన కాగితం సంగతి, దారిలో ఆఖరి చెక్‌పోస్టు దగ్గర తుపాకీ పట్టుకుని నిలబడ్డ కుర్రాడికి కూడా తెలిసి ఉండాలి. మధ్యలో ఏ మెట్టు దగ్గర ఆ కబురు ఆగిపోతే లారీ కూడా అక్కడే ఆగిపోతుంది. కబురు ఎక్కడ చిక్కుకుందో పసిగట్టి, ఆ పై మెట్టు మీదున్న మనిషికి వెంటనే ఫోన్ చేయగలవాళ్లే ఈ పనిలో సీనియర్లు.

ఇక్కడ చెప్పేదంతా సూడాన్‌లోని దార్ఫూర్‌ని ముందు పెట్టుకుని. 2023 ఏప్రిల్ 15న సైన్యానికీ ఆర్‌ఎస్‌ఎఫ్ (ర్యాపిడ్ సపోర్ట్ ఫోర్సెస్) అనే పారామిలిటరీ దళానికీ యుద్ధం మొదలైన దగ్గర్నుంచి అక్కడి పిల్లలకు తిండి చేరే పెద్ద దారులు రెండు. ఒకటి చాద్ సరిహద్దులోని అద్రే మీదుగా పశ్చిమ దార్ఫూర్‌లోని జెనైనాకి. రెండోది ఎర్రసముద్రం ఒడ్డున ఉన్న పోర్ట్ సూడాన్ నుంచి దేశమంతా అడ్డంగా. ఐక్యరాజ్యసమితి సంస్థల్లోనూ, స్వచ్ఛంద సంస్థల్లోనూ ఇలాంటి పనికి వెళ్లే తెలుగువాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాం.

ముందు సరుకు గురించి తెలియాలి

బాగా చిక్కిపోయిన పిల్లలకిచ్చే ఆర్‌యూటీఎఫ్ అంటే వేరుశెనగ, పాలపొడి, చక్కెర, నూనె, విటమిన్లు కలిపిన పేస్టు. పొట్లం 92 గ్రాములు, 500 కిలోకేలరీలు. పెట్టెకి 150 పొట్లాలు. ఒక బిడ్డ ఆరు నుంచి ఎనిమిది వారాల్లో కోలుకోవడానికి ఇంచుమించు ఒక పెట్టె పడుతుంది. ప్యాకింగ్‌తో కలిపి పెట్టె బరువు దాదాపు 15 కిలోలు, అంటే వెయ్యి మంది పిల్లలకు వెయ్యి పెట్టెలు, 15 టన్నులు. కమాండర్ దగ్గర టన్నుల లెక్క చెప్పకండి. ఒక పెట్టె, ఒక బిడ్డ అని చెప్పండి. ఆ తర్వాత ఎవరైనా పది పెట్టెలు దించమంటే, ఏం అడుగుతున్నారో వాళ్లకే అర్థమవుతుంది.

జేబులో జబ్బ కొలిచే టేపు ఒకటి ఉంచుకోండి. అంగన్‌వాడీల్లో వాడే రంగుల టేపు లాంటిదే. ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు బిడ్డకు జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కన్నా తక్కువుంటే ఎరుపు, అంటే బాగా చిక్కిపోయినట్టు. టేపుని ఆ గీత దగ్గర వలయంగా బిగించి బల్ల మీద పెట్టండి. వలయం అడ్డం నాలుగు సెంటీమీటర్లు కూడా ఉండదు. అరగంట ఉపన్యాసం చేయలేని పని ఆ వలయం చేస్తుంది.

జనరేటర్లు, సోలార్ ఫ్రిజ్‌లు, బ్యాటరీలు, క్లోరిన్, ఆక్సిజన్ పరికరాలు, శాటిలైట్ ఫోన్లు సైనిక అవసరాలకూ పనికొస్తాయని అనుమానం వచ్చే సామాను. వీటిని తిండి పెట్టెలతో ఒకే లారీలో ఎక్కించకండి. ఒక్క బ్యాటరీ మీద గొడవ వస్తే లారీ మొత్తం దించుతారు. వేరే లారీలో, వేరే వేబిల్‌తో (సరుకు రవాణా చీటీతో) పంపితే ఆ ఒక్క లారీ ఆగినా మిగతావి సాగిపోతాయి.

దారిని ముక్కలు చేసి రాసుకోండి

మ్యాపు మీద గీత ఒక్కటే, నేల మీద దాని యజమానులు చాలామంది. ప్రతి ముక్కకీ ఒక వరుస పెట్టి అది ఎవరి చేతిలో ఉంది, అక్కడి కమాండర్ పేరేంటి, అతని పైవాడెవరు, ఇద్దరి నంబర్లు, అతను లేనప్పుడు ఎవరు పలుకుతారు, ఈ వివరం చివరిసారి ఏ రోజు సరిచూశాం అన్నవి రాయండి. ఈ ఆఖరి గడిని చాలామంది వదిలేస్తారు. కమాండర్లు బదిలీ అవుతారు, చనిపోతారు, పక్షం మారతారు. పది రోజులు దాటిన నంబరుని పాతదిగానే లెక్కగట్టండి.

కాగితాలు రెండు వైపులా నడవాలి. ప్రభుత్వం తరఫున హ్యుమానిటేరియన్ ఎయిడ్ కమిషన్, ఆర్‌ఎస్‌ఎఫ్ తరఫున సార్హో అనే సంస్థ ఉన్నాయి. ఈ సివిల్ ఆఫీసులు ఇచ్చిన పర్మిట్ సైనిక విభాగానికి చేరిందా అన్నది వేరే ప్రశ్న, దాన్ని విడిగా అడగాలి. లారీలు ఆగిపోయే సందర్భాల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి: సివిల్ ఆఫీసు పంపామంటుంది, మిలిటరీ ఇంటెలిజెన్స్ మాకేమీ రాలేదంటుంది, ఇద్దరూ నిజమే చెబుతుంటారు.

వానల కాలం మర్చిపోవద్దు. జూన్ చివరి నుంచి సెప్టెంబరు దాకా వాగులు దారిని మింగేస్తాయి. 2024 ఆగస్టులో జెనైనా, జలింగే మధ్య మోర్నే వంతెన కూలిపోయింది. అప్పటిదాకా మూసి ఉంచిన అద్రే దారి అదే నెలలో మళ్లీ తెరిచారు. అనుమతి వచ్చేసరికి దారి పోయింది. అందుకే వానాకాలపు సరుకుకి అనుమతులు మార్చిలోనే అడగడం మొదలుపెట్టాలి.

లేఖ, పేర్లు, అంకెలు

లేఖ ఒక్క పేజీ దాటకూడదు, అరబిక్‌లో ఉండాలి. సాయానికి దారి ఇవ్వండి అన్న మామూలు విన్నపం పనిచేయదు. ఏ తేదీ, ఏ దారి, ఎన్ని లారీలు, ఎన్ని పెట్టెలు, ఏ ఊళ్లో ఏ కేంద్రానికి అన్నది ఉండాలి. ఆధారంగా 2023 మే 11న జిద్దాలో రెండు పక్షాలూ సంతకం పెట్టిన పౌరుల రక్షణ ప్రకటనను ఒక్క వాక్యంలో ప్రస్తావించండి. పిల్లలకు కావలసిన సంరక్షణ, సాయం అందాలని జెనీవా ఒప్పందాల రెండో అదనపు ప్రోటోకాల్ 4వ అధికరణం చెబుతుంది, అదొక వాక్యం. అంతకన్నా చట్టం వద్దు. ఒక పక్షానికి రాసే లేఖలో రెండో పక్షాన్ని ఏ బిరుదుతోనూ పిలవకండి. ప్రభుత్వం, తిరుగుబాటుదారులు అన్న మాటలు పక్కనపెట్టి ఊళ్ల పేర్లే వాడండి. రెండు లేఖలూ ఒకే రోజు, ఒకే విషయంతో వెళ్లాలి. ఎందుకంటే మీ లేఖ ఎప్పుడో ఒకప్పుడు అవతలివాళ్ల చేతికి చేరుతుందనే అనుకోవాలి.

ఇక తప్పులు ఎక్కడ పుడతాయో చూడండి. చాద్ డ్రైవర్ గుర్తింపు కార్డు మీద ఫ్రెంచి అక్షరాల్లో మహమత్ అని ఉంటుంది. అరబిక్ లేఖలో అదే పేరు ముహమ్మద్ అవుతుంది. చెక్‌పోస్టులో వేర్వేరు మనుషులంటారు. కార్డులో ఉన్నట్టు ఒకసారి, అరబిక్‌లో ఒకసారి, తండ్రి పేరు, తాత పేరుతో సహా రాయండి. అంకెల సంగతి ఇంకా కష్టం. సూడాన్‌లో వాడే అరబ్బీ అంకెల్లో ఐదు మన సున్నాలా గుండ్రంగా ఉంటుంది, సున్నా ఒట్టి చుక్క. బండి నంబరు ఒక పద్ధతి నుంచి ఇంకో పద్ధతిలోకి రాసేటప్పుడు ఐదు కాస్తా సున్నా అయిపోతుంది. రెండు పద్ధతుల్లోనూ పక్కపక్కన రాసి, అరబిక్ చదవగలిగిన ఇద్దరు విడివిడిగా చూడాలి.

ఇక్కడ దాడి చేయవద్దని రెండు పక్షాలకూ స్థలాన్ని తెలియజేసే నోటిఫికేషన్‌లో అక్షాంశ రేఖాంశాలు దశాంశాల్లోనే ఇవ్వండి. జెనైనా అక్షాంశం 13 డిగ్రీల 27 నిమిషాలు, అంటే 13.45. ఎవరైనా తొందరలో 13.27 అని కొడితే తేడా 0.18 డిగ్రీలు, నేల మీద 20 కిలోమీటర్లు. కాల్చకూడని చోటుగా మీరు ఖాళీ పొలాన్ని చూపించినట్టు, మీ గోడౌన్ మాత్రం ఎవరి జాబితాలోనూ లేనట్టు అవుతుంది. ఇచ్చిన అంకెల్ని మ్యాపులో తిరిగి కొట్టి, చుక్క మీ గోడౌన్ కప్పు మీదే పడిందని చూశాకే పంపండి. సమయమూ అంతే: అద్రే గడియారం జెనైనా గడియారం కన్నా గంట వెనక. ఉదయం 7కి బయలుదేరతాం అని రాస్తే ఎవరి ఏడో రాయాలి. సూడాన్ సమయం అని ప్రతి చోటా రాయడం అలవాటు చేసుకోండి.

రోజుల లెక్క ఇలా వేసుకుంటే మంచిది. మూడు వారాల ముందు సరుకు జాబితా ఖాయం. రెండు వారాల ముందు లేఖలు. వారం ముందు డ్రైవర్లు, బండి నంబర్లు, ఆ తర్వాత మార్పుల్లేవు. మూడు రోజుల ముందు నోటిఫికేషన్. ముందు రోజు సాయంత్రం దారిలో ప్రతి కమాండర్‌కీ మీరే ఫోన్ చేసి, మీ కింది చెక్‌పోస్టు ఇన్‌చార్జికి చెప్పారా అని అడగండి. చెప్పాం అంటే, ఆ ఇన్‌చార్జికీ ఫోన్ చేసి వినండి. ఇంత చేసినా కాపాడుతుందన్న హామీ లేదు. 2025 జూన్ 2న ఎల్ ఫాషర్ వైపు వెళ్తున్న 15 లారీల ఐక్యరాజ్యసమితి కాన్వాయ్ మీద ఉత్తర దార్ఫూర్‌లోని అల్ కోమా దగ్గర దాడి జరిగింది. అయిదుగురు చనిపోయారు. దారి వివరం ముందే అన్ని పక్షాలకూ తెలుసు. కాబట్టి రాత్రి ఆగే చోటు, దిశ తెలియని డ్రోన్ శబ్దం వింటే చెదిరిపోవాల్సిన పద్ధతి, లారీల మధ్య దూరం, ఇవన్నీ డ్రైవర్లతో కూర్చుని వాళ్ల భాషలో మాట్లాడాలి. వద్దన్న డ్రైవర్‌ని ఒప్పించకండి.

చెక్‌పోస్టు దగ్గర

ముందు బండి ఒక్కటే దగ్గరికి వెళ్లాలి, లారీలు వెనకే ఆగాలి. అద్దాలు దించి, నల్ల కళ్లద్దాలు తీసి, చేతులు కనబడేలా ఉంచాలి. ఫోను బయటికి తీయకూడదు. మాట్లాడేది ఒక్కరే. సలాం చెప్పి, ఇంటిల్లిపాదీ ఎలా ఉన్నారని అడిగి, ఆ తర్వాతే కాగితం. ప్రతి చెక్‌పోస్టు ఒక కాపీ ఉంచేసుకుంటుంది. 14 ఉంటాయనుకుంటే 20 కాపీలు పట్టుకెళ్లండి, ప్రతి దాని మీదా తడి సిరా ముద్ర ఉండాలి. ముద్ర జిరాక్స్‌ని నమ్మరు.

పెట్టెలు అడుగుతారు. తియ్యటి వేరుశెనగ పేస్టు ఎవరికైనా నచ్చుతుంది, అడిగేవాడు నిజంగానే ఆకలితో ఉండొచ్చు, అతనికే పదిహేనేళ్లు ఉండొచ్చు. తాగే నీళ్ల సీసా చేతికివ్వండి. సరుకులోంచి పొట్లం మాత్రం తీయకండి, డబ్బు అసలే ఇవ్వకండి. ఈ రోజు ఇచ్చిన ధర సాయంత్రానికి దారంతా తెలిసిపోతుంది, రేపటి లారీ అదే కట్టాలి. వాదించకుండా పైవాడికి ఫోన్ కలపండి, కానీ ఫోన్‌ని ఆ కుర్రాడి చేతికి ఇవ్వకండి. పైవాడే అతని సొంత ఫోన్‌కో రేడియోకో చేసి చెబితే అతని పరువు నిలుస్తుంది, తర్వాతి ట్రిప్పులో అతనే ముందుగా చెయ్యి ఊపుతాడు. అరగంట దాటితే రెండో మెట్టుకి ఫోన్, రెండు గంటలు దాటితే వెనక్కి. ఈ గడువులు బయలుదేరకముందే ఖాయం చేయాలి. రోడ్డు మీద నిర్ణయాలు అలసట చేస్తుంది.

ఆ పిల్లవాడి వయసు అడగకండి, రాసుకోకండి. బాలలను సైన్యంలో చేర్చుకోవడం ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 2005 నాటి 1612 తీర్మానం కింద నమోదు చేసే ఆరు ఘోర ఉల్లంఘనల్లో ఒకటి. ఆ నమోదు చేసే బృందం వేరే ఉంటుంది. సాయాన్ని అడ్డుకోవడం కూడా ఆ ఆరింటిలో ఒకటే. మీ ఆలస్యాల లెక్కను తేదీ, స్థలం, గంటలతో వాళ్లకు ఆఫీసులోంచి ఇవ్వండి. వాళ్ల నోట్సు ఒక్క కాగితం కూడా మీ బ్యాగులో ఉండకూడదు. తనిఖీలో దొరికితే ప్రమాదం మీతో ఆగదు, ఆ సమాచారమిచ్చిన తల్లిదాకా పోతుంది.

ఇవ్వకూడనివి ఇంకొన్ని ఉన్నాయి. తల్లుల పేర్ల జాబితా అడుగుతారు, కేంద్రాల వారీ మొత్తాలు మాత్రమే ఇవ్వండి. ఒక మనిషిని లారీలో దింపమంటారు, ఒక ఉత్తరం అందజేయమంటారు, రెండూ కుదరవు. సాయుధ ఎస్కార్ట్ పంపుతామంటారు. ఒక పక్షం తుపాకీతో వచ్చిన లారీ రెండో పక్షానికి లక్ష్యం అవుతుంది, కృతజ్ఞత చెప్పి వద్దనండి. ఏ సమావేశానికీ ఒంటరిగా వెళ్లవద్దు. ఇద్దరు వెళ్లాలి, అనువాదకుడు మీవాడై ఉండాలి, మాట్లాడింది అదే రాత్రి రాసి పెట్టాలి.

టీకాలైతే గడియారం వేరు

తిండి పెట్టె ఎండలో వారం ఆగితే నూనె పైకి తేలుతుంది, పొట్లాన్ని బాగా పిసికి ఇస్తే సరిపోతుంది. టీకాకి ఆ వెసులుబాటు లేదు. దూర ప్రయాణాల కోల్డ్ బాక్సు 43 డిగ్రీల ఎండలో కనీసం 96 గంటలు చల్లదనం నిలపాలన్నది ప్రమాణం. మూత వేసిన గంటని పెట్టె మీదే రాయించండి, చర్చల్లో మీ గడువు అదే. చేరాక సీసా మీద వేడికి రంగు మారే గుర్తు చూడాలి: లోపలి చదరం చుట్టూ ఉన్న వలయం కన్నా లేతగా ఉంటేనే వాడొచ్చు.

టీకాల కోసం కాల్పుల విరామం అడగడం కొత్త కాదు. 1985లో ఎల్ సాల్వడార్‌లో చర్చి మధ్యవర్తిత్వంతో మూడు రోజులు కాల్పులు ఆపి పిల్లలకు టీకాలు వేశారు. 2024 సెప్టెంబరు 1 నుంచి 12 దాకా గాజాలో ప్రాంతాల వారీగా, ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 3 దాకా విరామమిచ్చి, పదేళ్లలోపు పిల్లలు దాదాపు 5.6 లక్షల మందికి పోలియో చుక్కలు వేశారు. అక్టోబరు 23న ఉత్తరాన మొదలవ్వాల్సిన రెండో విడత మాత్రం వాయిదా పడి, నవంబరు 2న గాజా నగరానికే పరిమితమైంది. విరామం అడిగేటప్పుడు టీకా వేసే గంటలే లెక్కేయకండి. తల్లి బిడ్డనెత్తుకుని నడిచి వచ్చి, తిరిగి గుడారం చేరే గంటలు కలపండి. సరిహద్దులు వీధుల పేర్లతో రాయించుకోండి. మిగిలిపోయిన పిల్లల కోసం ఒక రోజు అదనంగా ముందే అడగండి, తర్వాత అడిగితే అది కొత్త చర్చ అవుతుంది. మన పల్స్ పోలియోలో మైక్రోప్లాన్ వేసినవాళ్లకి ఈ లెక్క కొత్తేమీ కాదు.

సరుకు చేరాక

వారంలోపు రెండు పక్షాలకూ ఒకే అంకెతో కబురు పంపండి: ఇన్ని పెట్టెలు, ఇంతమంది పిల్లలు మొదలుపెట్టారు. దారిలో పోయినవి ఉంటే బ్యాచ్ నంబర్లు రాసి, ముందు ఆ ప్రాంతపు కమాండర్‌కే చెప్పండి. బజారులో అదే బ్యాచ్ కనబడితే ఫొటో కాదు, పొట్లమే చూపించండి. అతనికి సరిదిద్దే అవకాశం, గడువు ఇచ్చాక కూడా కదలిక లేకపోతే అప్పుడు పై మెట్టు.

మీరు వెళ్లిపోయే రోజు వస్తుంది. నంబర్ల పుస్తకం, సిమ్ కార్డు సంస్థవి, మీవి కావు. కొత్తగా వచ్చినవాళ్లు కనీసం రెండు ట్రిప్పులు మీతో రావాలి. మొదటి ట్రిప్పులో మీరు మాట్లాడండి, వాళ్లు పక్కన నిలబడతారు. రెండోదాంట్లో వాళ్లు మాట్లాడాలి, మీరు పక్కన ఉంటారు. మూడోసారి మీరు ఆఫీసులోనే రేడియో దగ్గర కూర్చోండి.