దిగుమతి దుస్తులపై వినతిపత్రం రాయడం ఎలా

బంగ్లాదేశ్ చొక్కాల వల్ల ఆర్డర్లు తగ్గుతున్నాయని కుట్టు యూనిట్ల సంఘాలు ఢిల్లీకి పంపే వినతిపత్రాన్ని చాలాసార్లు మొదటి వాక్యమే చెడగొడుతుంది: "అక్కడి కూలీలు చవగ్గా కుట్టి మన పొట్ట కొడుతున్నారు." చదివే అధికారి దాంతో ఏం చేయగలడు? ఢాకా కూలి ఆయన చేతిలో లేదు (అక్కడ దుస్తుల కార్మికుల కనీస వేతనం 2023 డిసెంబరు నుంచి నెలకు 12,500 టాకాలు). సుంకం, తనిఖీ, ముడిసరుకు మీద పన్ను ఇక్కడివే. రాయాల్సింది వాటి గురించి.

ముందు లెక్కలు. వాణిజ్య శాఖ వెబ్‌సైట్‌లో దిగుమతుల గణాంకాలు దొరుకుతాయి. కస్టమ్స్ సుంకాల పట్టికలో అల్లిక దుస్తులు 61వ అధ్యాయంలో, నేతగుడ్డతో కుట్టినవి 62లో ఉంటాయి. అధ్యాయం మొత్తాన్ని గుండుగుత్తగా తీయకండి. మీరు కుట్టేది టీషర్టులైతే 6109, మగవాళ్ల నేతచొక్కాలైతే 6205 అనే నాలుగంకెల శీర్షిక తీయండి. ఐదేళ్ల విలువ, పరిమాణం రెండూ రాసుకుని భాగిస్తే ఒక్కో చొక్కా ఏ ధరకు దిగుతోందో తేలుతుంది. పరిమాణం వేలల్లో ఇచ్చారా, విడి సంఖ్యలోనా అన్నది చూడకపోతే ధర వెయ్యి రెట్లు తప్పుతుంది. 2020-21ని ఆధార సంవత్సరంగా పెట్టుకోవద్దు. అది కోవిడ్ ఏడాది, దాని పక్కన ఏ ఏడాది దిగుమతులైనా ఉప్పెనలా కనిపిస్తాయి. దిగుమతిదారు తరఫు లాయరు పట్టుకునే మొదటి లోపం అదే.

తర్వాత మీ ఖర్చు కాగితం: గుడ్డ, బొత్తాలు, కుట్టు, కరెంటు, వడ్డీ, రవాణా. గుడ్డే సాధారణంగా సగానికి పైన ఉంటుంది. కుట్టును నిమిషాల్లో చూపండి. 22 నిమిషాల పని ఉన్న చొక్కాకు 45 శాతం సామర్థ్యంతో నడిచే లైన్‌లో సుమారు 49 నిమిషాలు పడుతుంది, 60 శాతం లైన్‌లో 37. ఈ 12 నిమిషాలు కూలి రేటు తేడా కాదు. లైన్ సర్దుబాటు, కరెంటు కోతలు, చిన్న చిన్న ఆర్డర్లు తినేసినవి. ఇది కాగితం మీద పెట్టడానికి యజమానులు ఇష్టపడరు. కానీ పెట్టిన వినతిపత్రాన్నే ఎవరైనా నమ్ముతారు.

ఇక అసలు పట్టు ఉన్న చోటు. 2011లో భారత్ సాఫ్టా (దక్షిణాసియా స్వేచ్ఛా వాణిజ్య) ఒప్పందం కింద, బంగ్లాదేశ్ లాంటి అతి తక్కువ అభివృద్ధి చెందిన దేశాలకు మద్యం, పొగాకు తరహా 25 సరుకులు తప్ప మిగతా అన్నిటి మీదా సుంకం ఎత్తేసింది. అందుకే 2018లో చాలా వస్త్రాల మీద సుంకాన్ని 10 నుంచి 20 శాతానికి పెంచినా అక్కడి దుస్తులకు అది తగల్లేదు. "సుంకం పెంచండి" అనే కోరిక గురి తప్పేది ఇక్కడే. రాయితీ దక్కాలంటే షరతులు రెండు: ముడిసరుకు ఉన్న నాలుగంకెల శీర్షిక నుంచి తయారైన సరుకు వేరే శీర్షికకు మారాలి, కనీసం 30 శాతం విలువ అక్కడే చేరాలి. చైనా గుడ్డను కత్తిరించి కుడితే శీర్షిక దానంతటదే మారిపోతుంది. ఎగుమతి ధర 400 రూపాయలైన చొక్కాలో 280 దాకా బయటి సరుకు ఉండొచ్చు. 300 ఉంటే రాయితీ చెల్లదు.

కాబట్టి రెండు విషయాలు అడగండి. ఒకటి, 2020 సెప్టెంబరు 21 నుంచి అమల్లో ఉన్న కరోటార్ నిబంధనల (సుంకం రాయితీ కోరే సరుకు నిజంగా ఏ దేశంలో పుట్టిందో చూసే కస్టమ్స్ నిబంధనలు) కింద తనిఖీ. సరుకు పుట్టుక వివరాలు దిగుమతిదారు దగ్గర ఉండాలి, కస్టమ్స్ అడిగితే 10 పనిదినాల్లో ఇవ్వాలి. అనుమానం ఉన్న శీర్షికను, మీరు లెక్కగట్టిన దిగుమతి ధరను, ఆ రకం గుడ్డ మార్కెట్ ధరను పక్కపక్కన చూపండి. రెండు, గుడ్డ కూడా సాఫ్టా దేశాల్లోనే నేసి ఉండాలన్న షరతు. ఇది ఒప్పందం మార్చే పని, ఏళ్లు పడుతుంది. తనిఖీ కోరికతో కలపకుండా విడి పేరాలో రాయండి.

యాంటీ డంపింగ్ (తమ దేశంలో అమ్మే ధర కన్నా తక్కువకు ఇక్కడ దించే సరుకు మీద అదనపు సుంకం) జోలికి తొందరపడి వెళ్లొద్దు. దరఖాస్తును బలపరిచేవారి వాటా దేశీయ ఉత్పత్తిలో 25 శాతమైనా ఉండాలి, అభిప్రాయం చెప్పినవారి ఉత్పత్తిలో సగం దాటాలి. చిన్న యూనిట్లు వేలల్లో ఉన్న రంగంలో, అందులోనూ ఖర్చు లెక్కలు సరిగా రాయని చోట, అది కూడగట్టడం చాలా కష్టం.

"బంగ్లాదేశ్ సరుకు పూర్తిగా ఆపేయండి" అని రాసే ముందు నూలు మిల్లులవాళ్లతో మాట్లాడండి. మన నూలుకు పెద్ద కొనుగోలుదారు ఆ దేశమే. 2025 ఏప్రిల్‌లో వాళ్లు భూమార్గాన మన నూలు ఆపారు. మే 17న మనం వాళ్ల దుస్తులను కోల్‌కతా, ముంబై దగ్గరి నవా షేవా ఓడరేవులకే పరిమితం చేశాం. ఆ దెబ్బ గుంటూరు వైపు మిల్లులదాకా రావచ్చు.

మన ఫ్యాక్టరీల్లో పనిచేసే బెంగాలీ మాట్లాడేవాళ్ల పత్రాలు తనిఖీ చేయాలన్న వాక్యం ఎవరైనా ఇరికించబోతే తీసేయండి. పశ్చిమ బెంగాల్ వాళ్లు మన పౌరులు, పైగా మీ లైన్ నడిపేది వాళ్లే. 2023లో తిరుప్పూర్‌లో బిహారీల మీద దాడులంటూ పాకిన అబద్ధపు వీడియోలకే జనం రైళ్లెక్కి వెళ్లిపోయారు.

అక్కడి కార్మికుల గురించి రాయక తప్పదనుకుంటే 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర కూలిన దుస్తుల ఫ్యాక్టరీల భవనం రానా ప్లాజా గురించి రాయండి. 1,134 మంది పోయారు. చవక ధర భారం మోసింది వాళ్లే. కొనే బ్రాండ్లు రెండు దేశాల్లోనూ ధర నొక్కుతున్నాయన్న సంగతి మీ ఖర్చు కాగితంతోనే రుజువవుతుంది.

మొత్తం మూడు పేజీలు దాటనివ్వకండి, పట్టికలు అనుబంధంలో పెట్టండి. జౌళి, వాణిజ్య మంత్రిత్వ శాఖలకు ఒక్కో ప్రతి, తనిఖీ భాగం మాత్రం విడిగా కస్టమ్స్‌కు.