డీఎన్ఏ పరీక్షతో వంశ మూలాలను తెలుసుకోవడం ఎలా?

హైదరాబాదులో స్థిరపడిన కుటుంబాల్లో చాలామందికి ముత్తాత పేరు వరకే తెలుసు. ఆపైన "మావాళ్లు ఎప్పుడో కృష్ణ దాటి వచ్చారట" వంటి ఒక్క మాట మిగులుతుంది. డీఎన్ఏ పరీక్ష ఆ లోటును పూర్తిగా తీర్చదు. ఐదారు తరాల లోపు బంధుత్వాలనూ వేల ఏళ్ల నాటి వలసలనూ అది చూపగలదు గానీ, ఆ రెండింటి మధ్య కాలాన్ని పెద్దల జ్ఞాపకాలు, పాత కాగితాలే పూరించాలి. అందువల్ల పరీక్ష కిట్టు (ఇంట్లోనే నమూనా తీసి సంస్థకు పంపే పెట్టె) కొనడం మొదటి పని కాదు.

మొదట పెద్దలను అడగండి

ఇంటిపేరు, గోత్రం, ఇలవేల్పు, సొంత ఊరు రాసుకోండి. ఇలవేల్పు గుడి ఇప్పుడున్న ఊరికి చాలా దూరంగా ఉంటే, ఆ కుటుంబం ఒకప్పుడు అక్కడే ఉండేదేమో విచారించడం మంచిది. అన్నిటికంటే ముందు ఆడవారి వైపు వివరాలు సేకరించాలి. పెళ్లితో ఇంటిపేరు మారిపోవడం వల్ల తల్లుల వరుస రెండు మూడు తరాల్లోనే మరుగున పడుతుంది. "అమ్మమ్మా, మీ అమ్మగారి పుట్టినిల్లు ఏ ఊరు? వాళ్లమ్మది?" అని అడిగి, జవాబులను ఫోనులో రికార్డు చేసుకోండి. ఈ పని వాయిదా వేయదగినది కాదు.

ఆ తరువాత కాగితాలు చూడాలి. తెలంగాణలో భూమి ఉన్న కుటుంబాలకు 1954-55 నాటి ఖాస్రా పహాణీ, అంతకుముందరి సేత్వార్ అనే భూమి రికార్డులు విలువైన ఆధారాలు. నిజాం కాలపు దస్తావేజులు తార్నాకలోని రాష్ట్ర ప్రాచీన పత్రాల భాండాగారంలో (స్టేట్ ఆర్కైవ్స్) ఉన్నాయి. అయితే వాటిలో చాలా భాగం ఫారసీ, ఉర్దూ భాషల్లో ఉంటుంది కాబట్టి చదవగలిగిన వారిని వెంట తీసుకువెళ్లాలి. ముస్లిం కుటుంబాల్లో షజరాలు (వంశవృక్షాలు), క్రైస్తవులకు చర్చి బాప్తిస్మ రిజిస్టర్లు, కాశీ, గయ యాత్ర చేసిన కుటుంబాలకు అక్కడి పండాల (తీర్థ పురోహితుల) పుస్తకాలు తోడ్పడతాయి.

ఏ పరీక్ష, ఎవరికి?

పరీక్షలు మూడు రకాలు. వై క్రోమోజోము తండ్రి నుంచి కొడుకుకే వస్తుంది కాబట్టి ఆ పరీక్ష నాన్న, తాత, ముత్తాతల వరుసను మాత్రమే చూపుతుంది. మైటోకాండ్రియా (కణంలో శక్తిని తయారుచేసే భాగాలు) డీఎన్ఏ తల్లి నుంచి పిల్లలందరికీ వస్తుంది, కానీ కూతుళ్ల ద్వారానే తరువాతి తరానికి చేరుతుంది. దాని పొడవు సుమారు 16,569 అక్షరాలు (డీఎన్ఏను కూర్చే ఏ, సీ, జీ, టీ అనే రసాయనాలు). మూడవది మిగిలిన 22 జతల క్రోమోజోములను చూసే ఆటోసోమల్ పరీక్ష. దగ్గరి బంధువులను వెతకాలంటే ఇదే కావాలి. పది తరాల వెనుక వంశవృక్షంలో 1,024 స్థానాలుంటాయి. మొదటి రెండు పరీక్షలు వాటిలో చెరొక స్థానం గురించే చెబుతాయన్నది మరువకూడదు.

మీకన్నా ముందు ఇంట్లోని పెద్దవారికి పరీక్ష చేయించండి. ఒక్కో తరం వెనక్కి వెళ్లినకొద్దీ పూర్వీకుల డీఎన్ఏ ఎక్కువగా దొరుకుతుంది. స్త్రీలు తండ్రి వరుస తెలుసుకోవాలంటే నాన్న, అన్నదమ్ములు, పెదనాన్న, బాబాయి వంటి వారిలో ఒకరు నమూనా ఇవ్వాలి.

నమూనా ఇచ్చేవారికి అంతా వివరించి, వారి అంగీకారం తీసుకోవడం తప్పనిసరి. దత్తత గురించో, తండ్రి ఎవరన్న దాని గురించో ఇంట్లో ఎవరూ ఊహించని విషయం బయటపడవచ్చు. సంస్థ డేటాను ఎక్కడ ఉంచుతుందో, ఎవరితో పంచుకుంటుందో, కోరితే తొలగిస్తుందో లేదో డబ్బు కట్టకముందే చదవండి. ట్వంటీత్రీఅండ్‌మీ అనే అమెరికా సంస్థ నుంచి 2023లో సుమారు 69 లక్షల మంది సమాచారం బయటికి పోయింది. 2025 మార్చిలో అది దివాలా రక్షణ కోరింది. పాస్‌వర్డులా డీఎన్ఏను మార్చుకోలేము.

నమూనా తీసేటప్పుడు

అరగంట ముందు నుంచి ఏమీ తినకూడదు, తాగకూడదు, పాన్, గుట్కా నమలకూడదు. ఉమ్మి గొట్టమైతే నురగను లెక్కించకుండా గీత వరకు నింపి, మూతలోని ద్రవం కలిసేలా ఊపాలి. దూది పుల్ల అయితే బుగ్గ లోపలి వైపు కిట్టులో చెప్పినంత సేపు గట్టిగా రుద్దాలి, దూది కొనను చేత్తో తాకకూడదు. నోరు ఆరిపోయే వృద్ధులకు పుల్లే సుఖం. పంపేముందు గొట్టం మీది నంబరును ఆ వ్యక్తి పేరిటే నమోదు చేయండి.

ఫలితాన్ని చదవడం

రిపోర్టులోని శాతాలు అందరి దృష్టినీ ఆకర్షిస్తాయి గానీ, వాటిపై అతిగా ఆధారపడకూడదు. ఆ సంస్థ దగ్గరున్న నమూనాలతో మీ డీఎన్ఏను పోల్చగా వచ్చిన అంచనాలవి. సంస్థ మారితే అంకెలూ మారతాయి.

మీతో డీఎన్ఏ కలిసినవారంటూ సంస్థ ఇచ్చే బంధువుల జాబితా విషయంలో మనవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. మేనత్త, మేనమామ బిడ్డల మధ్య సగటున 12.5 శాతం, వారి పిల్లల మధ్య 3.1 శాతం డీఎన్ఏ ఉమ్మడిగా ఉంటుందన్న లెక్క, దంపతులు ముందే బంధువులు కాని సమాజాలకు సరిపోతుంది. మన కుటుంబాల్లో మేనరికాలు, ఒకే కులంలో తరతరాల పెళ్లిళ్లు ఉండడం వల్ల ఇద్దరు వ్యక్తులు అనేక దారుల్లో బంధువులవుతారు, దాంతో దూరపు చుట్టం దగ్గరి చుట్టంలా కనిపిస్తాడు. కాబట్టి మొత్తం సెంటీమోర్గాన్ల (ఉమ్మడి డీఎన్ఏ ముక్కల పొడవుకు కొలమానం) సంఖ్యకన్నా అతి పొడవైన ఒక్క ముక్క ఎంతుందో చూడండి. చిన్న ముక్కలు అనేకం కలిసి పెద్ద సంఖ్య అయితే అది పాత కాలపు ఉమ్మడి వారసత్వం కావచ్చు; పొడవైన ముక్కలు కొన్ని ఉంటే ఇటీవలి బంధుత్వానికి అవకాశం ఎక్కువ. ముడి డేటా ఫైలును కూడా దించుకుని భద్రపరచండి. అది లక్షల వరుసల మామూలు టెక్స్ట్ ఫైలు. ఒక్కో వరుసలో గుర్తు సంఖ్య, క్రోమోజోము, స్థానం, ఏజీ, సీటీ వంటి రెండక్షరాలు ఉంటాయి.

ప్రాచీన వలసల సంగతి

రిపోర్టులో హాప్లోగ్రూపు అనే అక్షరాల గుర్తు ఉంటుంది; తండ్రి లేదా తల్లి వరుసలో ఒకే ప్రాచీన పూర్వీకుల నుంచి వచ్చిన సమూహాన్ని అది సూచిస్తుంది. తల్లి వరుసలో ఎం సమూహం భారతదేశంలో విస్తారంగా ఉంది. ఆఫ్రికా నుంచి మనుషులు తూర్పుకు విస్తరించిన తొలి దశతో దానికి సంబంధముంది. తండ్రి వరుసలో హెచ్ ప్రధానంగా ఈ ఉపఖండంలో కనిపించేది. ఆర్‌1ఏ శాఖ ఇక్కడ వ్యాపించడాన్ని మధ్య ఆసియా స్టెప్పీ మైదానాల వలసలతో పరిశోధకులు ముడిపెడతారు. అయితే హాప్లోగ్రూపును బట్టి కులాన్ని గానీ గొప్పతనాన్ని గానీ నిర్ణయించడానికి ఎంతమాత్రం వీల్లేదు.

ఈ విషయంలో మన నగరం చేసిన కృషి గర్వించదగినది. హబ్సిగూడలోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) నుంచి లాల్జీ సింగ్, కుమారస్వామి తంగరాజ్, అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ రైక్ బృందంతో కలిసి 2009లో నేచర్ పత్రికలో ప్రచురించిన పరిశోధన, నేటి భారతీయులలో అత్యధికులు ఉత్తరాది, దక్షిణాది అనే రెండు ప్రాచీన వారసత్వాల మిశ్రమమని చూపింది. ఆ కలయిక సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల కిందట విస్తృతంగా జరిగి, ఆ తరువాత సొంత వర్గంలోనే పెళ్లిళ్లు బిగుసుకున్నాయని 2013 నాటి అధ్యయనం అంచనా వేసింది. అంటే "మాది కల్తీ లేని వంశం" అన్న మాటకు డీఎన్ఏలో ఆధారం దొరకదు.

ఆరోగ్య సంబంధమైన సూచన కనిపిస్తే

కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగి, లోపలి పెళ్లిళ్లతోనే కొనసాగిన సమూహాల్లో కొన్ని జన్యు లక్షణాలు ఎక్కువగా కనిపిస్తాయి. వైశ్య సమాజంలో కొందరికి బ్యుటైరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము లోపించడం వల్ల ఆపరేషను సమయంలో కండరాలను సడలించేందుకు ఇచ్చే సక్సినైల్‌కోలిన్ మందు ప్రభావం ఎక్కువసేపు ఉండిపోతుందని మత్తు వైద్యులకు తెలుసు. ఇటువంటి సమాచారం ఉంటే వైద్యుడికి ముందుగా చెప్పడం మేలు. వంశ మూలాల కిట్లు డీఎన్ఏలో ఎంచుకున్న కొన్ని స్థానాలనే చూస్తాయి కాబట్టి రిపోర్టును నమ్మి మందులు మార్చకండి. పంజాగుట్ట నిమ్స్‌లోని వైద్య జన్యుశాస్త్ర విభాగం వంటి చోట నిపుణులను కలిసి, వారు సూచించిన నిర్ధారణ పరీక్ష చేయించుకోండి.